నీలమ్మ అడుగులు

నీలమ్మకి చావు లేదు. ఆమె కాళ్ళు మాత్రం మా తాతయ్యవి.

ఈ మాట బయట అంటే నవ్వుతారని నేనెవరితోనూ అనలేదు. అసలు నేను ఎవరితోనూ ఏదీ పెద్దగా అనను. ఊళ్ళో బడికి వెళ్ళినన్నాళ్ళూ హాజరు పిలిస్తే చెయ్యెత్తేదాన్ని తప్ప పలికేదాన్ని కాదు. పై చదువుకని పట్నంలో ఉన్న తాతయ్య, నాన్నమ్మల దగ్గరికి వచ్చాక ఆ చెయ్యి కూడా సగమే లేస్తోంది.

నీలమ్మ అంటే శనివారం సాయంత్రాలు టీవీలో వచ్చే సీరియల్లో మనిషి. కథలో ఆమెకి వేరే పేరుంది కానీ మా వీధి మొత్తానికీ ఆమె నీలమ్మే. మొదటి భాగంలో ఆమె బస్సు కండక్టరు. ఆఖరి ట్రిప్పు ముగించుకుని డిపో నుంచి ఇంటికి నడిచి వెళ్తుంటే ఆకాశం నుంచి వచ్చినవాళ్ళు ఎత్తుకుపోతారు. తిరిగి నేల మీద దింపేసరికి ఆమె రక్తంలో ఏదో కలిపేసి ఉంటారు. మెడ పక్కన చర్మం కింద నీలం దారంలా ఒకటి వెలుగుతూ ఉంటుంది. దెబ్బ తగిలితే చూస్తుండగానే మానిపోతుంది. వయసు అక్కడే ఆగిపోతుంది. ఆమె మెడ తడుముకుని, వాళ్ళ వైపు తిరిగి, "నన్ను ఒక్క మాట అడగొచ్చుగా?" అంటుంది. వాళ్ళకి ఆ ప్రశ్నే అర్థం కాదు. తలుపు మూసుకుని వెళ్ళిపోతారు.

ఆ మాట ఊరంతా పాకిపోయింది. ఎవరైనా టీవీ కట్టేస్తే, పక్కవాళ్ళ పళ్ళెంలోంచి ముక్క తీసుకుంటే, కిటికీ మూసేస్తే, అందరూ మెడ తడుముకుని నీలమ్మ గొంతుతో, "నన్ను ఒక్క మాట అడగొచ్చుగా?" అనడమే. మా ఇంట్లో నాన్నమ్మ రోజుకి నాలుగైదుసార్లైనా అంటుంది.

ఆ తర్వాత కథలో వందల ఏళ్ళు గడిచిపోతాయి. ఆమె పెంచిన పిల్లలు ముసలివాళ్ళైపోయి ఆమె ఒళ్ళోనే కళ్ళు మూస్తారు. బస్సులు పోయి వేరే బళ్ళు వస్తాయి. ఆమె మాత్రం నడుస్తూనే ఉంటుంది, మంచులో, ఇసుకలో, కూలిపోయిన నగరాల్లో. అంత నడిచే మనిషికి అడుగుల చప్పుడు కావాలి కదా. షూటింగులో మైకు మాటల వెంటే తిరుగుతుంది, కాళ్ళని పట్టించుకోదు. పైగా తెర మీద రాతి గుహలా కనిపించేది నిజానికి రంగేసిన చెక్క. దాని మీద నడిస్తే ఖాళీ పెట్టె మీద గెంతినట్టు ఉంటుంది. అందుకని బొమ్మంతా తీయడం అయిపోయాక, తలుపులు మూసిన ఒక గదిలో, తెర మీద కదిలే కాళ్ళని చూస్తూ ఒక మనిషి అచ్చం అలాగే నడుస్తాడు. ఆ చప్పుడునే బొమ్మకి ఎక్కిస్తారు. మొదటి భాగం నుంచీ నీలమ్మకి నడిచిన మనిషి మా తాతయ్య.

నేను మొదటిసారి ఆ గదిలోకి వెళ్ళినప్పుడు ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ సామాను మధ్యలో వదిలేసి పోయారనుకున్నాను. నేల నిండా చదరాలు. ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో కంకర, ఒకటి నాపరాయి, ఒకటి చెక్క, ఒకటి రేకు. గోడ వారగా విరిగిన తలుపులు, పాత ఫ్రిజ్ సొరుగు, గొడుగులు, గొలుసులు. ఆకాశం వాళ్ళ వాహనం తలుపు తెరుచుకునే చప్పుడు ఆ ఫ్రిజ్ సొరుగుదే. నీలమ్మ గాయం మూసుకుపోయే చప్పుడు, నీళ్ళలో నానబెట్టిన తోలు ముక్కని మెల్లగా పిండితే వస్తుంది. మెడలో దారం వెలిగినప్పుడు వచ్చే సన్నటి మోత కోసం తాతయ్య తడివేలితో గాజుగ్లాసు అంచు మీద రాస్తాడు. ఇంకో గోడకి అరల నిండా ఆడవాళ్ళ బూట్లు, చెప్పులు. అన్నీ తాతయ్య సైజువే.

"ఇవి వేసుకోవడానికి సిగ్గేయదా తాతయ్యా?" అని అడిగాను ఆ రోజు.

"మీ నాన్నమ్మ నోటి ముందు నలభై ఏళ్ళు నిలబడ్డవాడికి ఇంకా సిగ్గెక్కడ మిగిలిందే?" అన్నాడు మడమల బూట్లకి లేసులు కట్టుకుంటూ. "నువ్వు ఆ మూల కూచో. గాజులు తీసెయ్. ఊపిరి మెల్లగా పీల్చు. కడుపు మాడ్చుకు రాలేదు కదా? మైకుకి అన్నీ వినపడతాయి."

నాకు ఆ గది ఎంత నచ్చిందో చెప్పలేను. బయట ప్రతిచోటా, 'ఈ పిల్లకి నోట్లో నాలుక లేదా' అని అడిగేవాళ్ళే. ఆ గదిలో మాత్రం నోరు మూసుకుని కూర్చోవడం గొప్ప గుణం. కాలేజీ లేని రోజుల్లో వెళ్ళి తాతయ్యకి బూట్లు అందించేదాన్ని, ఇసుక చదును చేసేదాన్ని. అద్దం అవతల గదిలో చెవుల బాబాయ్ కూర్చునేవాడు. ఆయనది రికార్డింగ్ పని. పొద్దస్తమానం చెవులకి హెడ్‌ఫోన్ డిప్పలు తగిలించుకునే ఉంటాడు కాబట్టి ఆ పేరు. జుట్టు మీద ఆ పట్టీ నొక్కుకుపోయిన గాడి పెళ్ళిళ్ళలో కూడా కనపడుతుందని నాన్నమ్మ ఏడిపిస్తుంది.

తాతయ్యకి నీలమ్మ అంటే బొమ్మలో మనిషి కాదు. ఆమె ఎక్కడ తొందరపడుతుందో, ఎక్కడ ఆగి వెనక్కి చూస్తుందో ఆయనకి ముందే తెలిసిపోయేది. "ఈమె మడమ ముందు మోపుతుంది. కండక్టరు కదా, కదిలే బండిలో నిలబడ్డ మనిషి. ఎన్ని వందల ఏళ్ళు బతికినా ఆ అలవాటు పోదు," అనేవాడు. ఆ బూట్లని ప్రతి శుక్రవారం ఇంటికి తెచ్చి, పెరటి మెట్ల మీద కూర్చుని తుడిచేవాడు.

"నా కాళ్ళు వాచిపోతే ఒక్కసారి చూడడు. ఆ నీలమ్మ కాళ్ళకి దుమ్మంటితే మాత్రం ప్రాణం విలవిల్లాడిపోతుంది," అనేది నాన్నమ్మ.

"నువ్వు కూడా మంచు కొండలు దాటి రా, నీవీ తుడుస్తాను."

ఎండలు మొదలైన రోజుల్లో ఒక శనివారం సాయంత్రం నేను వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. హాల్లో టీవీ నడుస్తోంది. బొమ్మ కనపడదు కాబట్టి చప్పుడొక్కటే వింటున్నాను. నీలమ్మ ఒక పొడుగాటి సొరంగంలో నడుస్తోంది. టక్, టక్, టక్. మధ్యలో ఒకచోట ఎడమ అడుగు పడే ముందు సన్నగా ఏదో రాసుకున్నట్టు, సర్ర్‌మంది. మళ్ళీ కొంచెం దూరం పోయాక ఇంకోసారి. చేతులు తుడుచుకుని హాల్లోకి వచ్చి చూశాను. తెర మీద నీలమ్మ తిన్నగా, నిటారుగానే నడుస్తోంది.

"ఈ పిల్లకేమైంది, కాలీడుస్తోంది?" అంది నాన్నమ్మ.

"నీ చెవిలో గుబిలి ఈడుస్తోంది," అన్నాడు తాతయ్య తెర మీంచి చూపు తిప్పకుండా. కానీ ఆయన కూర్చున్న తీరు చూశాను. ఎడమ కాలు చాపి, మోకాలి కింద దిండు పెట్టుకుని ఉన్నాడు.

మర్నాటి నుంచి నాకు అదే ధ్యాస. రికార్డింగ్ అప్పుడు గమనిస్తే, ఎడమ కాలు ఎత్తే ముందు తాతయ్య పక్కనున్న బల్ల అంచు పట్టుకుంటున్నాడు. నొప్పి పైకి తెలియనివ్వకూడదని ఆయన తంటాలు. కళ్ళేమో తెర మీద ఉంటాయి, మనసు ఆమె నడకలో ఉంటుంది, ఇక తన కాలు చేసే చప్పుడు తనకెక్కడ వినపడుతుంది?

ఒక రోజు తాతయ్య టీ తాగడానికి వెళ్ళినప్పుడు చెవుల బాబాయ్ నన్ను తన గదిలోకి రమ్మన్నాడు. నా చెవులకి ఆ డిప్పలు తగిలించి, తాతయ్య అప్పుడే నడిచిన అడుగులు వినిపించాడు. టక్. సర్ర్... టక్. టక్. సర్ర్... టక్.

"ఎడమది ఆలస్యంగా పడుతోందమ్మా," అన్నాడు. "ఆయన వెళ్ళాక ఒక్కొక్కటీ ముందుకి జరిపి సర్దుతున్నాను. కానీ ఆ ఈడ్పు ఉంది చూశావూ, దాన్ని ఎక్కడికని జరపను? నాకు ఈ పని నేర్పిందే ఆయన. ఆయన్ని పట్టుకుని నువ్వు కుంటుతున్నావని ఏ నోటితో చెప్పను? నువ్వూ చెప్పకు."

నాకు చెప్పడం ఎలాగూ రాదు కదా. తలూపాను.

కానీ జనానికి చెవులున్నాయి. కాలేజీలో నా వెనక బెంచీ అమ్మాయిలు ఒక రోజు గుసగుసలు మొదలుపెట్టారు.

"నీలమ్మ ఒక కాలు ఈడుస్తోంది, గమనించావా?"

"మా అక్క కూడా అంది. ఆకాశం వాళ్ళ మందు దిగిపోతోందట. మెల్లగా మామూలు మనిషైపోతుంది చూడు."

"అంత సూక్ష్మంగా పెట్టారా! ముందు నడకలో చూపించి, తర్వాత చెప్తారన్నమాట. భలే తెలివే."

నాకు నవ్వొచ్చింది, వెంటనే పుస్తకం తెరిచి మొహం దాచుకున్నాను. మా తాతయ్య మోకాలు నొప్పిని పట్నం పట్నమంతా కూర్చుని చర్చిస్తోంది. తెలియనిదల్లా తాతయ్యకే.

ఆ మాట డైరెక్టరమ్మ దాకా వెళ్ళింది. చివరి భాగం రికార్డింగ్‌కి ముందు రోజు ఆమె స్టూడియోకి వచ్చింది. పొట్టిగా, ఎప్పుడూ పరుగు మీదుండే మనిషి. తాతయ్య లోపల కంకర జల్లిస్తున్నాడు. నేను బూట్లు చేత్తో పట్టుకుని నడవాలో నిలబడి ఉన్నాను. నేనక్కడ ఉన్నట్టు ఆమెకి తెలియనే లేదు. నా విషయంలో అలా జరుగుతూనే ఉంటుంది.

"చివరి భాగంలో కుంటి నడక వినపడితే నా కథ పోతుంది," అంది బాబాయ్‌తో. "మీ దగ్గర ఆయన పాత అడుగులన్నీ దాచి ఉన్నాయిగా? అవే అతికించెయ్యండి."

"మరి పెద్దాయన రేపు నడుస్తారు కదండీ."

"నడవనివ్వండి. పెద్దమనిషి, ఆఖరి రోజు ఆయన్ని ఎందుకు బాధపెట్టడం? రికార్డు చేసినట్టు చెయ్యండి, తర్వాత తీసెయ్యండి. ఆయనకి తెలీదు."

ఆమె గొంతులో కాఠిన్యం లేదు. నిజంగానే జాలిపడి అంది. బాబాయ్ తల దించుకుని సరేనన్నాడు. నా చేతిలో బూట్లు ఒక్కసారిగా బరువెక్కాయి. రేపు తాతయ్య పళ్ళ బిగువున నొప్పి ఆపుకుంటూ ఆఖరిసారి నడుస్తాడు. అందరూ బాగుంది బాగుందంటారు. ఆయన వెనక్కి తిరగ్గానే అదంతా చెరిపేస్తారు. తర్వాత శనివారం టీవీ ముందు కూర్చుని, తనవి కాని, కాదు, తనవే అయిన పాత అడుగులు విని, "చూశావా, ఆఖరిదాకా తిన్నగా నడిచాను," అని నాన్నమ్మతో అంటాడు. ఆ సోఫాలో పక్కనే నేనూ కూర్చుని ఉండాలి.

ఇంటికి వెళ్ళే దారంతా మాటలు కూడగట్టుకున్నాను. గుమ్మం ఎక్కేసరికి అన్నీ ఎగిరిపోయాయి.

ఆ సాయంత్రం తాతయ్య పెరటి మెట్ల మీద గుడ్డ పరుచుకుని, "బూట్లు తే," అన్నాడు. తెచ్చాను. ఎప్పటిలా నిలబెట్టకుండా, రెండింటినీ బోర్లించి, అడుగుభాగం పైకి కనపడేలా ఆయన ముందు పెట్టాను.

తాతయ్య పాత బూట్లు కొనేటప్పుడు ముందు అడుగుభాగం చూస్తాడు. ఇది తొందర మనిషిది, ఇది బరువులు మోసిన మనిషిది అని గడగడా చెప్పేస్తాడు. ఇప్పుడు కూడా చెయ్యి దానంతటదే బూటు మీదికి వెళ్ళింది. కుడి బూటు బాగానే ఉంది. ఎడమదానికి వేళ్ళ దగ్గర తోలు గీసుకుపోయి, లోపలి అట్ట తెల్లగా బయటపడింది. అక్కడ బొటనవేలు పెట్టి నెమ్మదిగా రాశాడు. బూటుని వెలుగు వైపు తిప్పి చూశాడు.

"ఈడుస్తున్నానా?" అన్నాడు చివరికి.

"ఊఁ."

"వినపడుతోందా?"

"ఊఁ."

"వాడికి తెలుసా?"

"బాబాయే సర్దుతున్నాడు. ఎండలు మొదలైనప్పట్నుంచీ."

"మరి మీ నాన్నమ్మకి?"

"తెలుసు!" అని వంటింట్లోంచి వినపడింది. "గుబిలి చెవులే, అయినా తెలుసు!"

తాతయ్య నవ్వబోయాడు కానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది. మొదలుపెట్టాను కాబట్టి ఇక దాచడం చేతకాలేదు. రేపు ఏం చేయబోతున్నారో చెప్పేశాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు, ఆయన తల వంచి నా నోటి దగ్గర చెవి పెట్టి విన్నాడు.

"అంటే రేపు నాది ఉత్తుత్తి నడకన్నమాట," అన్నాడు. బూటు పక్కన పెట్టాడు. చెయ్యి మెడ దగ్గరికి పోయింది. "నన్ను ఒక్క మాట అడగొచ్చుగా?"

ఆ మాట మా ఇంట్లో వెయ్యిసార్లు విన్నాను. నవ్వు రానిది ఆ ఒక్కసారే. నాన్నమ్మ గరిటె పట్టుకునే వచ్చి ఆయన పక్కన కూర్చుంది. కాసేపయ్యాక ఆయన ఎడమ కాలు తీసి తన ఒళ్ళో పెట్టుకుని మోకాలు నొక్కడం మొదలుపెట్టింది.

"మంచు కొండలు దాటొచ్చినవాళ్ళకే చేస్తారట సేవలు," అంది.

మర్నాడు పొద్దున్న తాతయ్య స్టూడియోకి వెళ్ళగానే తన గదిలోకి పోకుండా నేరుగా బాబాయ్ గదిలోకి వెళ్ళాడు. డైరెక్టరమ్మ అక్కడే ఉంది.

"పాతవి వినిపించరా," అన్నాడు.

బాబాయ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా వినిపించాడు. తాతయ్య డిప్పలు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మొదటి ఏడాది అడుగులవి. నేను పలక పట్టిన ఏడు. ఆయన తల ఆ లెక్కకి మెల్లగా ఊగింది.

"బాగానే నడిచేవాణ్ణి," అన్నాడు డిప్పలు తీసి. "అతికించుకోండమ్మా. కోపమేం లేదు. చావులేని మనిషికి అవే సరిపోతాయి. మీ పెట్టెలో ఉన్నంతకాలం వాటికీ ముసలితనం లేదు కదా. నా బూట్లు తీసుకుని పోతాను."

బాబాయ్ అద్దం వైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు.

తాతయ్య తన గదిలోకి వెళ్ళాడు. వెనకే నేను. ఆయన అరల ముందు నిలబడి బూట్లు ఒక్కొక్కటీ సంచిలో వేస్తున్నాడు. గోడ మీద తెరలో చివరి భాగం చప్పుడు లేకుండా ఆడుతూనే ఉంది. నేను సంచి పట్టుకుని నిలబడి చూస్తున్నాను, మాటలన్నీ బల్ల మీది సీన్ల కాగితంలో ఉన్నాయి. ఆకాశం వాళ్ళు మళ్ళీ వస్తారు. ఈసారి తలుపు దగ్గరే ఆగి, నీలమ్మని అడుగుతారు. మేమిచ్చింది తిరిగి తీసుకోమంటావా అని. అన్నేళ్ళ తర్వాత వాళ్ళకి ఆ ప్రశ్న అర్థమైందన్నమాట. ఆమె సరేనని తల ఊపుతుంది. మెడలో నీలం దారం ఆరిపోతుంది. ఆమె బూట్లు విప్పేసి, వట్టి కాళ్ళతో వీధిలోకి దిగుతుంది. అంతే, తెర నల్లగా అయిపోయి పేర్లు పడతాయి. అక్కడ పెద్ద సంగీతం వస్తుందని ఆ కాగితం మీద రాసి ఉంది.

"తాతయ్యా," అన్నాను. "దారం ఆరిపోయాక ఆమె మామూలు మనిషే కదా."

"అవును."

"ఆగిన వయసంతా అప్పుడు మొదలవుతుంది కదా. అప్పుడు కూడా ఆ పాత అడుగులేనా?"

"బొమ్మలో ఆవిడ తిన్నగానే దిగుతోంది కదే. నేను కుంటితే బొమ్మకీ చప్పుడుకీ పొసగదు."

"నల్లగా అయ్యాక బొమ్మే లేదుగా. అక్కడ నడు తాతయ్యా. నీ కాలు ఎలా పడితే అలా నడు. బల్ల పట్టుకోకు, దాచకు. అక్కడ సంగీతం ఎందుకు? నాకు నీ అడుగులే వినాలనుంది." ఇంకేదో కూడా అన్నాను. ఏడుస్తూ అన్నాను కాబట్టి అది నాకు గుర్తులేదు.

అప్పుడు తాతయ్య నా తల మీంచి తలుపు పైకి చూశాడు. అక్కడ ఎర్ర దీపం వెలుగుతోంది. బాబాయ్ కంగారులో మైకు ఆపడం మర్చిపోయాడు. నేను జన్మలో అంత పొడుగు మాట్లాడింది లేదు, అదంతా అవతల గదిలో స్పీకర్లలో మారుమోగింది.

గోడ మీది స్పీకరు గరగరలాడింది. "ఆ మాట్లాడింది ఎవరు?" డైరెక్టరమ్మ గొంతు.

"నా మనవరాలు," అన్నాడు తాతయ్య.

"ఆ అమ్మాయికి మాటలొచ్చా!"

"మాకూ ఇవాళే తెలిసిందండీ," అన్నాడు బాబాయ్ వెనక నుంచి.

"అమ్మాయీ, సంగీతం వద్దంటున్నావు. ఎందుకో నాకు చెప్పు. మ్యూజిక్ వాళ్ళు నా పీక పట్టుకుంటారు, ఏదో ఒకటి చెప్పాలిగా."

నేల చీలి నన్ను లోపలికి లాగేసుకుంటే బాగుండుననిపించింది. తాతయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. అక్కర్లేని చప్పుడు రాకుండా చూసుకునే మనిషి కదా, ఆ చెయ్యి కూడా మెత్తగా, చప్పుడు లేకుండా పడింది.

"ఆమె ఇంటికి వెళ్ళాలి కదండీ," అన్నాను. "మొదటి భాగంలో ఇంటికి వెళ్తుంటేనే కదా ఎత్తుకుపోయారు. ఇంకా ఇల్లు చేరనే లేదు."

అద్దం అవతల డైరెక్టరమ్మ కుర్చీలో కూలబడి, నుదుటి మీద అరచెయ్యి పెట్టుకోవడం కనపడింది. తర్వాత లేచి, స్పీకర్లో కాకుండా, నేరుగా తలుపు తీసుకుని మా గదిలోకే వచ్చింది. చెప్పులు బయట విడిచి వచ్చింది.

"మిమ్మల్ని ఒక్క మాట అడగాలండీ," అంది తాతయ్యతో. "నిన్ననే అడగాల్సింది. నీలమ్మని ఇంటికి చేరుస్తారా?"

తాతయ్య సంచి కింద పెట్టాడు. "అడిగారు కాబట్టి చేరుస్తాను."

ఆయన బూట్లు, మేజోళ్ళు అన్నీ విప్పేశాడు. చెక్క, ఇసుక, కంకర చదరాలు పక్కకి జరిపి, నాపరాయి చదరానికి కలిపి, మూలన పేర్చి ఉన్న మిగతా రాళ్ళన్నీ వరసగా పరిచాం, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. డైరెక్టరమ్మ కూడా చీర కుచ్చిళ్ళు దోపుకుని ఒక రాయి మోసింది. మైకు దగ్గరగా పెట్టారు. అంత దూరం పట్టుకుని నడవడానికి బల్ల ఉండదు కాబట్టి తాతయ్య చెయ్యి నా భుజం మీద. నేను కాళ్ళకి రెండు జతల ఊలు మేజోళ్ళు తొడుక్కున్నాను, నా అడుగు వినపడకుండా.

దీపం వెలిగింది. తెర నల్లగా ఉంది. తాతయ్య మొదటిసారి తెర వైపు చూడాల్సిన పని లేకుండా నడిచాడు.

మడమ ముందు పడింది. తర్వాత ఎడమ పాదం, రాయి మీద సర్ర్‌మని కాస్త ఈడ్చుకుని, వచ్చి చేరింది. మళ్ళీ మడమ. ఆయన బరువు నా భుజం మీదికి వచ్చి, తేలికయ్యి, మళ్ళీ వచ్చేది. గోడ దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, మళ్ళీ. ఒకచోట ఆగాడు. ఎందుకు ఆగాడో నాకు అర్థం కాలేదు. చూస్తే కళ్ళు మూసుకుని ఉన్నాడు. సందు మలుపు కాబోలు, ఎటు తిరగాలో గుర్తు చేసుకుంటోంది నీలమ్మ. అన్ని వందల ఏళ్ళయింది కదా. తర్వాత నెమ్మదిగా కుడి వైపు తిరిగాడు. ఆఖర్న రెండు అడుగులు కొంచెం తొందరగా పడ్డాయి. అంతే, ఆగిపోయాయి.

బాబాయ్ దీపం ఆపడానికి చాలాసేపు పట్టింది.

ఆ శనివారం మా హాల్లో కాలు పెట్టడానికి చోటు లేదు. పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు, వాళ్ళ చుట్టాలు. చెవుల బాబాయ్ కూడా వచ్చాడు, ఆ డిప్పలు లేకుండా. నెత్తి మీద గాడి మాత్రం ఉంది. ఆఖరి భాగమంతా నీలమ్మ నిటారుగా, టక్ టక్‌మని నడిచింది. ఆ అడుగులు విన్నప్పుడల్లా తాతయ్య, "కుర్రాడు బాగా నడుస్తున్నాడు," అని నా చెవిలో అన్నాడు. నీలం దారం ఆరిపోయినప్పుడు ఎదురింటి పిన్నిగారు పైట కళ్ళకద్దుకుంది. నీలమ్మ బూట్లు విప్పింది. వీధిలోకి దిగింది. తెర నల్లబడింది.

"అయిపోయిందా?" అని లేవబోయారెవరో.

"ఉష్!" అంది నాన్నమ్మ.

చీకటి తెర మీంచి వట్టి పాదాలు వినిపించాయి. మడమ, ఈడ్పు. మడమ, ఈడ్పు. గదిలో అంతమందీ ఊపిరి బిగపట్టారు. నాన్నమ్మ తెర వైపు చూడటం మానేసి తాతయ్య కాళ్ళ వైపు చూస్తోంది. పేర్లు ఒక్కొక్కటే పైకి పోతున్నాయి. అడుగులు ఒకచోట ఆగాయి, తిరిగాయి. అప్పుడే, చాలా మెల్లగా, పక్కన ఇంకెవరిదో ఊపిరి వినపడింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. అది నాది. తీసెయ్యలేదేమని బాబాయ్ వైపు చూస్తే ఆయన పైకప్పు వైపు చూస్తున్నాడు.

ఆఖరి రెండు అడుగులు తొందరగా పడ్డాయి. ఒక తలుపు తెరుచుకుంది. ఆ ఫ్రిజ్ సొరుగు కాదు, మామూలు ఇంటి తలుపు, బందులు కిర్రుమనే తలుపు. ఆ రోజు స్టూడియోలో అడుగులయ్యాక, తాతయ్య కూర్చున్నచోటి నుంచే ఒక పాత తలుపుని చేత్తో తెరిచి ఆ చప్పుడు చేశాడు. కాళ్ళు పోతే చేతులున్నాయిగా అని, వచ్చే నెల నుంచి తలుపులూ, బట్టల సరసరలూ తానే చేస్తానని అప్పుడే బాబాయ్‌తో మాట కూడా అనేసుకున్నాడు.

టీవీ నిశ్శబ్దమైంది.

"పక్కన ఎవరో ఉన్నట్టున్నారే," అంది ఎదురింటి పిన్నిగారు. "ఒంటరిగా వెళ్ళలేదు చూడు, ఎవరో తోడున్నారు ఆవిడకి. ఎవరై ఉంటారంటావు?"

అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. పెంచిన కూతురు అన్నారొకరు. బస్సు డ్రైవరన్నారు ఇంకొకరు. తాతయ్య ఎడమ కాలు చాపుకుని, మోకాలి కింద దిండు సర్దుకుంటూ నా వైపు చూశాడు. నేను చెప్తానేమోనని చూస్తున్నాడు.

"మనవరాలు," అన్నాను.

నా గొంతు ఎక్కడి నుంచి వచ్చిందా అని హాల్లో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి ఇటు తిరిగారు.